ఆటస్థలమున అందరికిని చోటు

ఆటల గంట మ్రోగగానే బాలబాలికలు మైదానమునకు పరుగిడుదురు. చూపులేని బాలుడు మాత్రము చెట్టునీడను తోడివారి సంచులకు కావలియుండును. తరగతిలో చేర్చుకొని ఆటలో చేర్చుకొననిచో, అతడు బడిలో నుండియు వెలుపలివాడే గదా!

2016లో వెలువడిన దివ్యాంగుల హక్కుల చట్టము, ప్రభుత్వ సహాయమో గుర్తింపో గల విద్యాలయములు ఇట్టి పిల్లలకు చదువుతోపాటు క్రీడావకాశములను గూడ ఇతరులతో సమముగా కల్పింపవలెనని విధించినది.

అది సాధ్యమా యని సందేహింపనక్కరలేదు. రెండవ ప్రపంచయుద్ధమున చూపు కోల్పోయిన సైనికుల కొరకు 1946లో గోల్‌బాల్ అను క్రీడను కల్పించిరి. జట్టునకు ముగ్గురు; బంతిలో గజ్జెలు; ఆడువారందరి కన్నులకును గంతలు. చప్పుడును బట్టి బంతిని అడ్డుకొనవలెను గనుక చూచువారు మౌనము వహింతురు. గంతలు కట్టిన పిదప చూపున్నవారికి ఆధిక్యమేమున్నది? చెవితో దిక్కు నెరుగుటలో ఆ బాలుడే తోడివారికి గురువు కావచ్చును. జాలి యున్నచోట స్నేహము మొలకెత్తును.

ఇతర లోపములుగల పిల్లలకును ఇట్లే ఆట నియమమును కొంత మార్చుకొనవచ్చును.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి: ఈసారి బడికి వెళ్లినపుడు మార్కులతోపాటు, ఆటల గంటలో చెట్టుక్రింద ఎవరు కూర్చుండిరో గూడ అడుగుడు.