ఫ్లారెన్సు చిత్రములు, చింక్వె తెర్రె రాతికట్టలు

ఇటలీకి బయలుదేరునప్పుడు, సామాను తక్కువగా తీసికొని పొమ్మని అనుభవజ్ఞులు నాకు చెప్పిరి. వారి మాట విని, వీపున మోయదగిన సంచి యొక్కటి మాత్రమే తీసికొంటిని. అది తొమ్మిది కిలోల బరువు. ఫ్లారెన్సు వీథులలో ఆ బరువు నాకు తెలియలేదు. పిమ్మట సముద్రతీరమున మెట్లెక్కునప్పుడు ప్రతి చొక్కాయు లెక్కకు వచ్చినది.

కన్నులతో చూడవలసిన ఫ్లారెన్సును శ్రోతలకు మాటలతో చూపుట కష్టము. బ్రునెలెస్కి రూపొందించిన మహాదేవాలయపు గుమ్మటము 1436లో పూర్తియైనది. 463 మెట్లెక్కినచో ఊరంతయు ఎఱ్ఱని పెంకుల కప్పులతో కానవచ్చును. ఉఫీజీ చిత్రశాలలో బొటిచెల్లి చిత్రముల ముందు జనము కిక్కిరిసి యుందురు. నేను ఎక్కువసేపు నిలిచినది మాత్రము శాంత క్రోచె దేవాలయమున, చిమాబూయె 13వ శతాబ్దమున చిత్రించిన పెద్ద కొయ్యశిలువ ముందు.

1966 నవంబరు 4వ తేదీన ఆర్నో నది పొంగి నగరమును ముంచెత్తినది. ఆ శిలువపై రంగు సగమునకు పైగా కొట్టుకొనిపోయినది. బాగుచేసినవారు పోయిన భాగములను ఊహించి చిత్రింపలేదు. ఆయా చోట్ల సన్నని రంగుగీతలు మాత్రము నింపిరి. దూరమునుండి చూచిన బొమ్మ నిండుగా తోచును. దగ్గరకు పోయిన, పోయినది పోయినట్లే తెలియును. ఈ నిజాయితీ నాకు మిక్కిలి నచ్చినది. ఆ దినములలో జాతీయ గ్రంథాలయపు నేలమాళిగలో తడిసిన పుస్తకములను, పలు దేశముల యువకులు వరుసగా నిలిచి, చేతినుండి చేతికి అందించుచు బురదనుండి వెలికి తీసిరి. వారిని ఇటలీవారు నేటికిని ‘బురద దేవదూతలు’ అందురు.

అచ్చటినుండి రైలులో పీసా మీదుగా లా స్పెజియా చేరి, చింక్వె తెర్రెకు పోయితిని. ఆ పేరునకు ‘ఐదు నేలలు’ అని అర్థము. నిట్టనిలువు కొండలు సముద్రములోనికి దిగుచోట ఐదు చిన్న ఊళ్ళు కలవు. వానిలో కొర్నీలియా ఊరు స్టేషనునుండి దాదాపు 380 మెట్ల ఎత్తున నున్నది. నా సంచిని నేను తిట్టుకొన్నది అచ్చటనే.

వెర్నాజానుండి మొంతెరోస్సోకు కాలిబాటన నడచితిని. ఆ బాటకు రుసుము చెల్లింపవలెను. నడచుటకు సుంకమేమిటని మొదట గొణిగికొంటిని. బాటకు ఇరువైపుల ద్రాక్షతోటలు, నిమ్మతోటలు, వానిని నిలుపుచు సున్నము గాని బంకమన్ను గాని లేని రాతికట్టలు. రాళ్ళ సందులనుండి వాననీరు జారిపోవును గనుక కట్ట నిలుచును. ఒక రాయి జారి, ఎవరును పట్టించుకొననిచో, వెనుకనున్న మన్ను దానిని త్రోసికొనివచ్చును. 19వ శతాబ్దమున రైలు వచ్చినది. లా స్పెజియాలో నౌకాదళపు కర్మశాల వెలసినది. కుఱ్ఱవారు కొండ దిగి ఉద్యోగములకు పోయిరి. ఇప్పుడు పాడుపడిన మళ్ళు చాలగా కానవచ్చుచున్నవి. 2011 అక్టోబరు 25న కుండపోతగా వర్షము కురిసి, వెర్నాజా వీథులు రాళ్ళతో బురదతో పూడిపోయినవి, ప్రాణనష్టమును జరిగినది. 2018లో యునెస్కో, ఇటలీతో పాటు మరికొన్ని దేశముల రాతికట్టల పనిని మానవజాతి వారసత్వముగా గుర్తించినది. చిమాబూయెకు పేరున్నది, ఈ కట్టలు కట్టినవారికి లేదు.

సగము దారిలో ఒక వృద్ధుడు కూలిన కట్టను ఒంటరిగా సరిచేయుచుండెను. నాతో నడచుచున్న విద్యార్థి యొకడు ఆయన మాట ఇంగ్లీషులో చెప్పెను: “ఊరక నిలిచినావు గదా నాయనా, ఆ చిన్నరాళ్ళు ఇటు అందింపుము.” సంచి దింపి అరగంట అందించితిని. ఆయన ప్రతి రాతిని అరచేతిలో త్రిప్పి చూచి, చాలవరకు ప్రక్కన పడవైచెను. నేనందించినవానిలో మూడు మాత్రమే కట్టలో చేరినవి.