ముప్పై రోజులా, అయిదు రోజులా

ఒంటి మీద గాటు పడకుండా కణితిని మాడ్చే రోబో యంత్రం సైబర్‌నైఫ్. దాన్ని మెచ్చుకునే వాళ్లలో చాలామంది కత్తి లేకపోవడాన్నే మెచ్చుకుంటారు. కానీ కత్తి మామూలు రేడియేషన్‌లోనూ లేదు. మన పల్లెల్లో కరెంటు పెట్టించుకోవడం అంటున్నది ఆ రేడియేషన్‌నే. అసలు తేడా రోజుల్లో ఉంది. పాత పద్ధతిలో వారానికి అయిదు సిట్టింగుల చొప్పున ఆరేడు వారాలు పట్టే చికిత్స, కణితి అనువైనదైతే ఒకటి నుంచి అయిదు సిట్టింగుల్లో ముగుస్తుంది. గుంటూరు దగ్గరి పెదకాకానినే తీసుకోండి: దానికి ఒక పక్క గుంటూరు పెద్దాసుపత్రి, అందులో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం; ఇంకో పక్క మంగళగిరి ఎయిమ్స్. దూరాభారం పెద్దగా లేదు. అయినా మిరపకోతల కాలంలో నెలన్నర పాటు రోజూ ఆసుపత్రికి తిరిగే మనిషికి సీజన్ కూలంతా పోతుంది, తోడు వచ్చే మనిషికీ పోతుంది. చికిత్సను సగంలో మానేస్తే కణితి మళ్లీ పుంజుకునే అవకాశం పెరుగుతుంది. అందుకే రోబో వైద్యాన్ని పనిదినాల లెక్కన కొలవాలని నా వాదన.

ఇన్ని రోజులు ఎందుకు పడతాయంటే, కిరణం కణితితో పాటు చుట్టూ ఉన్న మంచి కండనూ తాకుతుంది. రోజుకు కాస్త చొప్పున ఇస్తే మంచి కణాలు మధ్యలో కోలుకుంటాయి. గురి తప్పదన్న నమ్మకం ఉంటే ఆ విరామాలు అంతగా అక్కరలేదు. ఈ ఆలోచన స్వీడన్ మెదడు శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్‌ది. ఆయన పద్ధతిలో గురి కదలకుండా పుర్రెకు లోహపు చట్రం బిగించేవారు. కాబట్టి తల దాటి కిందికి రావడం కుదరలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న జాన్ ఆడ్లర్, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆ చట్రం తీసేసి, కిరణాలు పుట్టించే చిన్న లీనియర్ యాక్సిలరేటర్‌ను ఫ్యాక్టరీల్లో వాడే రోబో చేతికి తగిలించారు. మొదటి రోగికి చికిత్స 1994లో జరిగింది. తల దాటి ఒంట్లో ఎక్కడైనా వాడుకోవడానికి అక్కడి ప్రభుత్వ అనుమతి 2001లో వచ్చింది. గదిలోని ఎక్స్‌రే కెమెరాలు చికిత్స సాగుతున్నంతసేపూ మధ్యమధ్యలో ఫొటోలు తీస్తాయి. మెదడుకైతే పుర్రె ఎముకే ఆనవాలు. ప్రోస్టేట్ లాంటి మెత్తని అవయవాల్లో ముందుగానే సన్నని బంగారు గింజలు గుచ్చి వాటిని ఆనవాలు చేసుకుంటారు. ఊపిరితో పాటు ఊపిరితిత్తిలోని కణితి కదిలితే రోబో చెయ్యి దానితో పాటే కదులుతుంది. పదుల కోణాల నుంచి, ఒక్కోసారి వందకు పైగా కోణాల నుంచి వచ్చే సన్నని కిరణాల్లో ఏ ఒక్కటీ బలమైనది కాదు. అవన్నీ కలిసే చోట మాత్రమే డోసు ఎక్కువ. ఎక్కడెక్కడ ఎంతెంత పడాలో ముందే గీసి పెట్టేది రేడియేషన్ వైద్యులు, మెడికల్ ఫిజిసిస్టులు. యంత్రం తనంతట తాను నిర్ణయించేదేమీ లేదు.

అంత డోసు అంత తొందరగా ఇస్తే ముప్పు కాదా అని అడగడం సబబే. బ్రిటన్, ఐర్లండ్, కెనడాల్లో 874 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల మీద జరిగిన పేస్-బి పరిశోధన ఫలితాలు 2024లో అచ్చయ్యాయి. అయిదేళ్ల తరవాత జబ్బు తిరగబెట్టని వాళ్లు, అయిదు సిట్టింగుల వర్గంలో 95.8 శాతం, 20 లేదా 39 సిట్టింగుల వర్గంలో 94.6 శాతం. అంటే జబ్బును అణచడంలో ఒకదానికొకటి తీసిపోలేదు. చెప్పుకోదగ్గ మూత్ర సంబంధమైన ఇబ్బందులు మాత్రం ఆ అయిదేళ్లలో మొదటి వర్గంలో 27 శాతం మందికి, రెండో వర్గంలో 18 శాతం మందికి వచ్చాయి. ఆ తేడాను దాచిపెట్టి ఈ వైద్యాన్ని అమ్మడం తప్పు. ఇంకో హద్దు కూడా ఉంది. ఈ పద్ధతి చిన్నగా, అంచులు తెలిసేలా ఉన్న కణితికే. మన దగ్గర తరచుగా కనిపించే నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరితే మందులతో కలిపి వారాల తరబడి ఇచ్చే రేడియేషనే ఇప్పటికీ దిక్కు. వాటికి రోబో ఉందని ఆశపెట్టి రోగిని నగరానికి తిప్పడం అన్యాయం.

ఇక ఖర్చు. మన దేశంలో మొదటి సైబర్‌నైఫ్ 2009లో చెన్నై అపోలోకు వచ్చింది. కోట్ల రూపాయల యంత్రం జిల్లాకొకటి రాదు, రావాల్సిన అవసరమూ లేదు. పేస్-బిలో చాలామందికి చికిత్స చేసింది రోబో కాదు, గురి సరిచూసుకునే కెమెరాలున్న మామూలు లీనియర్ యాక్సిలరేటరే. రొమ్ము క్యాన్సర్‌లోనూ అంతే: మూడు వారాల చికిత్సను ఒక్క వారానికి కుదించవచ్చని 2020లో బ్రిటన్ వైద్యులు నాలుగు వేల పైచిలుకు రోగులతో చూపించారు, దానికీ రోబో అక్కర్లేకపోయింది. రోబో చూపించిన దారిలో మామూలు యంత్రమూ నడుస్తోంది. అలాంటప్పుడు ప్రభుత్వ పథకాలు సిట్టింగుకింత అని డబ్బు కట్టే చోట, తక్కువ సిట్టింగులతో పని ముగించిన ఆసుపత్రి నష్టపోకుండా చూడాలి. రోగి కూలి, తోడు వచ్చినవాళ్ల కూలి, బస్సు చార్జీలు కూడా ఆ లెక్కలోకి రావాలి. ఈలోగా రేడియేషన్ రాసిచ్చిన ప్రతి రోగీ వైద్యుణ్ణి ఒక మాట అడగవచ్చు: నా కణితికి ఎన్ని సిట్టింగులు, అంతకన్నా తక్కువలో అయ్యే వీలుందా, లేకపోతే ఎందుకు లేదు?