రాణి మంగమ్మ బాట నుండి నలభై నాలుగవ రహదారి వరకు



ఈ ప్లాటినం జూబిలీ ఉత్సవానికి ఎవరెవరు ఏ దారిన వచ్చారని ఉదయం నుండి అడుగుతూనే ఉన్నాను. కోయంబత్తూరు నుండి, రాజపాళయం నుండి, హైదరాబాదు నుండి కూడా వచ్చినవారున్నారు. అందుచేత నేడు దారిని గురించే నాలుగు మాటలు మనవి చేయదలచాను.

ఈ సీమవారు మన పెద్దలను ‘వడుగర్’ అన్నారు. ఉత్తరపు వారని అర్థం. అనగా మనం వచ్చిన దిక్కే మనకు పేరైనది. విజయనగర ప్రభువుల కాలంలోనూ, మధుర నాయకుల ఏలుబడిలోనూ మన పూర్వులు సైనికులుగా, సేద్యగాండ్రుగా, నేతగాండ్రుగా ఇక్కడికి వచ్చారు. 1689లో పాలన చేపట్టిన రాణి మంగమ్మ బాటలు బాగుచేయించి, ఇరువైపులా చెట్లు నాటించి, సత్రాలు కట్టించింది. మధుర రైలుస్టేషను ఎదుట ఆమె పేరిటి సత్రం నేటికీ ఉన్నది. బాట వేయడమంటే రాయి పరచడం మాత్రమే కాదనీ, బాటసారికి నీడను, విశ్రాంతిని సమకూర్చడమనీ ఆ తల్లి ఎరుగును.

ఆధునిక కాలంలో 1943 నాటి నాగపూరు ప్రణాళిక దేశంలోని దారులను జాతీయ, ప్రాంతీయ, జిల్లా, గ్రామ మార్గాలుగా విభజించింది. 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. 1998లో ఆరంభమైన మహాప్రణాళికలో ఢిల్లీ, ముంబయి, చెన్నై, కలకత్తాలను కలుపుతూ 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజి, శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు ఉత్తర దక్షిణ మార్గం రూపొందాయి. నేడు జాతీయ రహదారుల పొడవు సుమారు 1,46,000 కిలోమీటర్లు. దేశంలోని మొత్తం దారులలో ఇవి నూటికి రెండు వంతులే అయినా, రాకపోకలలో నూటికి నలభై వంతుల భారం వహిస్తున్నాయి.

మా తరం పాఠాలలో మధుర మీదుగా పోయే దారి ఏడవ నంబరుది. వారణాసి నుండి కన్యాకుమారికి 2,369 కిలోమీటర్లు. 2010లో నంబర్లు మారాయి. ఉత్తర దక్షిణ మార్గాలకు సరిసంఖ్యలు, తూర్పు పడమర మార్గాలకు బేసిసంఖ్యలు. శ్రీనగర్ నుండి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం మీదుగా మధురకు వచ్చే దారి నేడు 44. మూడంకెల దారి శాఖ. చివరి రెండంకెలు దాని తల్లి పేరు. సేలం నుండి కోయంబత్తూరు మీదుగా కొచ్చికి పోయేది 544. తిరుమంగళం నుండి రాజపాళయం మీదుగా కొల్లానికి పోయేది 744. చూచారా! మన తెలుగు ఊళ్ళు ఒకే తల్లి దారికి బిడ్డలు.

ఇంతటి దారి మనకు గర్వకారణమే. కాని 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, అందులో 61,038 మంది జాతీయ రహదారులు, ఎక్స్‌ప్రెస్ మార్గాల మీదనే మరణించారు. రెండు వంతుల దారి మీద మూడింట ఒక వంతుకు మించిన మరణాలు!

ఈ లెక్క నాకు ఒక ముఖంగా తెలుసు. కొన్నేండ్ల క్రితం మన ఏడవ తరగతి బాలిక ఒకతె సాయంకాలం రహదారి దాటుతూ గాయపడింది. దైవకృపవల్ల కోలుకున్నది. కాని ఆమె చెల్లెలిని తల్లిదండ్రులు మన బడిలో చేర్చలేదు. “బళ్ళో చదువు మంచిదే పంతులమ్మగారూ, దారంటేనే భయం” అన్నది ఆ తల్లి. నా వద్ద సమాధానం లేకపోయింది. ఆ చిన్నది ఇంట తెలుగు మాట్లాడుతుంది, తెలుగు చదవలేదు. మనలను ఇక్కడికి చేర్చిన దారియే ఆ పసిదానికి అక్షరాన్ని దూరం చేసింది.

అది మొదలు ప్రతి సాయంకాలం ఇద్దరు ఉపాధ్యాయులు దారి వద్ద నిలబడి పిల్లలను దాటిస్తున్నారు. పరీక్షల రోజులలో, సెలవులలో ఉపాధ్యాయులు తక్కువైనప్పుడు నా గుండె గడియారం వైపే ఉంటుంది. పూర్వ విద్యార్థులు గదులు కట్టిస్తామని ముందుకు వచ్చారు, కృతజ్ఞురాలిని. అంతకంటె ముందుగా ఈ ఊరివారు, తల్లిదండ్రులు వంతులు వేసుకొని, రోజుకు అరగంట మా పక్కన నిలబడవలసినదిగా ప్రార్థిస్తున్నాను. పిల్లలు దాటడానికి సురక్షితమైన మార్గం కోరుతూ సిద్ధం చేసిన విన్నపం మీద సంతకాలు చేసి వెళ్ళండి. అది కార్యాలయం వాకిట బల్లమీద ఉన్నది.

రాణి మంగమ్మ నాటించిన చెట్లు తరతరాల బాటసారులకు నీడనిచ్చాయి. మన పిల్లలు ఈ దారి దాటేందుకు తోడైనా ఇవ్వలేమా? ఆ తల్లి తన చిన్న కూతురి చేయి పట్టుకొని మన బడి వాకిట నిలిచిన నాడే ఈ ఉత్సవం సంపూర్ణమవుతుందని విన్నవిస్తూ, సెలవు తీసుకుంటున్నాను.