మత్తు మానేవారి గడపలో మేము నేర్చుకొన్నది
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)

పండుగ పూట ఈ మాట ఎత్తవచ్చునా అని మేమూ తటపటాయించినాము. కాని మనవారందరూ ఒకచోట కూడేది పండుగనాడే కదా! అందుకని సాహసించి నిలిచినాము.

మేము నర్సులము. ఆస్పత్రి వార్డులో కాక, ఇల్లిల్లు తిరిగి, తాగుడుకు, మత్తుమందులకు లోనైనవారికీ వారి కుటుంబాలకూ సాయపడడము మా పని. కోయంబత్తూరులో పీళమేడు, సింగానల్లూరు వైపు, మదురై చుట్టుపట్ల పల్లెలలో మన తెలుగు ఇండ్లకు వెళుతూ ఉంటాము. నాయకరాజుల కాలము నుండి ఈ నల్లరేగడిలో పత్తి పండించినవారు, తర్వాత మిల్లులలో చెమటోడ్చినవారు ఈ ఇండ్లలో ఎందరో. బడిలోను బజారులోను తమిళమైనా, కష్టము చెప్పుకొనేది తెలుగులోనే. తమిళములో "ఏమీ లేదు" అని తలుపు దగ్గరే చెప్పిన ఒక ఇల్లాలు, "ఏమమ్మా, అన్నము తిన్నావా?" అని మేము తెలుగులో అడగగానే కొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నది.

ఈ నాడు నిషేధములను ఎన్నో చూచినది. 1937లో రాజాజీ ప్రభుత్వము సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధము 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా వ్యాపించినది. 1971లో ఎత్తివేసినారు, 1974లో మళ్ళీ పెట్టినారు. 1983లో టాస్మాక్ సంస్థ ఏర్పడినది. 2003 నుండి చిల్లర అమ్మకమూ దానిదే అయినది. అటు ఆంధ్రలో దూబగుంట ఆడవారి సారా ఉద్యమము తర్వాత 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలినది. చట్టము వస్తుంది, పోతుంది. ఇంట్లో మనిషి మిగులుతాడు. మా మాట ఆ మనిషిని గురించే.

మొదటిది: ఏండ్ల తరబడి రోజూ తాగేవానిని ఒక్కసారిగా మాన్పించబోకండి. ఒక ఇంట్లో తల్లీ అన్నలూ కలిసి అతనిని గదిలో పెట్టి తాళము వేసినారు. మరునాటికి చేతులు వణికినవి. మూడవనాడు గోడమీద పురుగులు పాకుతున్నవని కేకలు. దయ్యము పట్టినదని తల్లి మంత్రగాని కోసము కబురంపినది. మేము వెళ్ళేసరికి ఒళ్ళు కాలిపోతున్నది, సొంత అన్నను గుర్తుపట్టలేదు. అది దయ్యము కాదు. మద్యానికి అలవాటుపడిన మెదడు, అది ఆగిపోగానే అదుపు తప్పడము. మొదటి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చు, రెండు మూడు రోజులకు ఈ సన్నిపాతము రావచ్చు. వైద్యము అందకపోతే ప్రాణము పోతుంది. ఆస్పత్రిలో తగిన మందులు, బి1 విటమిన్ ఇచ్చి కనిపెట్టి చూచినారు, అతను బ్రతికినాడు. తాళము వేసినది ప్రేమతోనే. ప్రేమకు తోడు వైద్యుడూ కావాలి.

రెండవది: తాగితే వాంతులయ్యే మాత్రను చారులోనో కూరలోనో కలిపి తెలియకుండా పెట్టడము. ఈ డైసల్ఫిరామ్ 1948 నుండి వైద్యములో ఉన్నదే. ఒప్పుకొని, వైద్యుని పర్యవేక్షణలో వేసుకొన్నవారికి మేలు చేస్తుంది. తెలియక మింగి ఆపైన తాగినవానికి రక్తపోటు పడిపోయి, గుండెకే ముప్పు రావచ్చు. ఆ రహస్యము బయటపడిన తర్వాత భార్య చేతి అన్నమే నమ్మని భర్తలను మేము చూచినాము.

మూడవది మా తప్పు. తొలి రోజులలో తెల్ల దుస్తులు వేసుకొని వీధిలో నడిచేవారము. ఎవరి ఇంటికి వెళ్ళామో వీధి అంతటికీ తెలిసిపోయేది. కూతురికి సంబంధము చూస్తున్న ఒక తండ్రి, "మీరు మళ్ళీ రావద్దు తల్లీ" అని చేతులు జోడించినాడు. తలుపు మూసుకొన్నది. ఆనాటి నుండి మామూలు చీరలలో, చుట్టాలవలె వెళుతున్నాము.

ఇక పిల్లల సంగతి. గంజాయికి తోడు నొప్పి మాత్రలు కరిగించి సూదితో ఎక్కించుకొనేవారున్నారు. ఒకరి సూది మరొకరు వాడితే హెచ్‌ఐవి, కామెర్లు తెచ్చే హెపటైటిస్ సి అంటుకొంటవి. బిడ్డను కొట్టి బయటికి గెంటితే ఆ సూది దగ్గరికే చేరుతాడు. కొట్టక, దాచక, తీసుకొని రండి. మదురై రాజాజీ ఆస్పత్రిలోను, కోయంబత్తూరు వైద్య కళాశాల ఆస్పత్రిలోను మానసిక వైద్య విభాగములున్నవి. 14446 మత్తు మాన్పే జాతీయ సహాయ సంఖ్య. మనసు బరువైనపుడు 14416. రెండింటికీ కాసు ఖర్చు లేదు.

మానినవాడు మళ్ళీ జారవచ్చు. చక్కెర జబ్బువాడు ఒకనాడు పథ్యము తప్పితే వైద్యము మానుతామా? ఇదీ అంతే. జారిననాడే మా అవసరము ఎక్కువ.

చివరకు ఒక్క విన్నపము. మానినవానికి అన్నిటికన్న కష్టమైనది పండుగ దినమే. "ఈ ఒక్క రోజుకేమిలే బావా" అని గ్లాసు చేతికిచ్చేది పరాయివాడు కాదు, మనవాడే. ఈ ఉగాదికి ఆ మాట అనకండి. అతనికి ఉగాది పచ్చడి పెట్టి, పంచాంగ శ్రవణానికి మీ పక్కన కూర్చోబెట్టుకోండి. మేము నెలకొకసారి వస్తాము. మీరు రోజూ ఉంటారు.