చివరి వీధి కుళాయి

కర్నూలు ప్రజల దాహము తీర్చునది సుంకేసుల వద్ద నిలిచిన తుంగభద్రా జలము. కడపకు పెన్నానది ఆధారము. శుద్ధిచేసి, క్లోరిన్ కలిపి విడిచిన నీరు ఇల్లు చేరులోపల చెడునా? చెడును. మన సీమ పట్టణములలో కుళాయిలు రోజంతయు పారవు. సరఫరా ఆగినప్పుడు గొట్టములలో ఒత్తిడి తగ్గి, పగుళ్లగుండ ప్రక్క కాలువలోని మురుగు లోనికి చొచ్చును. తేటనీటియందును కామెర్లు, అతిసారము కలిగించు సూక్ష్మజీవు లుండవచ్చును.

కనుక మొదట వచ్చిన నీటిని ఇతర వాడుకకు విడిచి, తరువాతి నీటిని కాచి త్రాగవలెను. కుళాయి రానినాడు బోరునీటిని ఆశ్రయించువారు మరియొకటి గుర్తింపవలెను: అందలి ఫ్లోరైడు కాచినను పోదు.

భారతీయ ప్రమాణము ననుసరించి వినియోగదారుని కుళాయివద్ద లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. ఆ పరీక్ష శుద్ధికేంద్రముతో ముగియరాదు. చివరి వీధి కుళాయివద్ద జరిపింపుడని పురపాలకులను పౌరులు కోరవలెను.