తెరమీది పద్యము, రంగస్థలపు కవి



1967 నాటి 'శ్రీకృష్ణావతారము' చిత్రమున రాయబార ఘట్టమును తిలకించి, ఘంటసాల కంఠమున వెలువడిన పద్యములకు పరవశించిన తెలుగువారు అసంఖ్యాకులు. కాని ఆ పద్యములు చిత్రమునకై పుట్టినవి కావనియు, తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయములు' నాటకములలోనివనియు, పడకసీనున కొక కృష్ణుడును రాయబారమున కొక కృష్ణుడును వేషము గట్టగా, పెట్రోమాక్సు దీపముల వెలుగున, హార్మోనియపు శ్రుతిలో, 'వన్స్‌మోర్' కేకల నడుమ తెల్లవారు దాక పల్లెపల్లెను మార్మోగినవనియు నెఱిగినవారు నానాటికి తగ్గుచున్నారు. నటుడు జ్ఞాపకమున్నాడు, గాయకుడు జ్ఞాపకమున్నాడు. పద్యమల్లిన కవి మాత్రము మఱపున బడినాడు. ఈ మఱపు నన్ను మిక్కిలి కలతపెట్టుచున్నది.

మన చలనచిత్రము నాటకశాలనుండియే నడచివచ్చినది గదా! 1932 లో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతియైన కమలాబాయి సురభి నాటకసమాజమువారి బిడ్డ. కాళ్లకూరి నారాయణరావుగారి 'వరవిక్రయము' నాటకము 1939 లోనే తెరకెక్కినది.

అయితే నాటకమును యథాతథముగా తెరకెక్కించుటకంటె, దానిని లోలోపల స్మరించుచు వేఱొక కథ నల్లుట కష్టతరమైన విద్య. 1949 లో కె.వి. రెడ్డిగారు నిర్మించిన 'గుణసుందరి కథ' నిందుకు నిదర్శనముగా జూపుదును. షేక్స్పియరు 'లియర్ రాజు' నాటకమున కడగొట్టు కూతురు కార్డీలియా, తనకు వివాహమైనచో ప్రేమలో సగపాలు భర్తను జేరునని తండ్రితో ననును. అది యచ్చట ప్రసంగవశమున దొర్లిన మాట. స్వయముగా నాటకకర్తయైన పింగళి నాగేంద్రరావుగారు కలము పట్టిన మన చిత్రమున, పతియే పరదైవమని పలికిన గుణసుందరిమీద తండ్రి కినిసి, ఆమెను అయోగ్యుడుగా దోచిన వరునకు గట్టబెట్టుటతో కథ సమస్తము నా మాటనుండియే మొలకెత్తినది. ఆంగ్ల నాటకపు గుర్తులు చెఱగలేదు, తెలుగింటి కథయు చెడలేదు. రంగస్థలమున పేరెన్నికగన్న గోవిందరాజుల సుబ్బారావుగారే ఆ తండ్రి పాత్రను ధరించుట నాకెంతయు సముచితముగా దోచును. ఇట్టి స్మరణమును నేను అనుకరణమని యనజాలను. మూలమును గౌరవించుట కిది యుత్తమ మార్గమని నా నమ్మకము.

నేడు పట్టభద్రులగుచున్న మీలో కొందఱు చిత్రసీమకు బోవుదురు, కొందఱు బోధకులగుదురు. చిత్రములు తీయువారు నాటకపద్యము నెత్తికొన్ననాడు కవి పేరును తెరపై స్పష్టముగా ప్రకటింపుడు. బోధించువారు రాయబారము మొత్తమును తరగతిలో బిగ్గరగా చదివింపుడు. పాత్రకొక విద్యార్థిని నిలిపి, చిత్రమున చోటుచాలక విడిచిన పద్యములను సైతము రాగమున పాడింపుడు. రాగము రానివారికి నేర్పుటకు నాటకసమాజముల వృద్ధనటులు నేటికిని మన పట్టణములలో నున్నారు. వారిని సగౌరవముగా మీ కళాశాలలకు పిలువుడు.