సీసాలో వుంటుందా సత్తువ?



పదకొండు గంటలవేళ. పిల్లలూ, వారూ ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చామంటే మళ్లీ లేవబుద్ధి కాదు. కాళ్లు పీకుతాయి, కళ్లు తిరిగినట్టుంటుంది. ‘నలభై దాటాక అంతేలే’ అని మనకు మనమే సర్ది చెప్పుకుంటాం. సరిగ్గా అప్పుడే కనిపిస్తుంది ప్రకటన: కణకణానికీ శక్తి, తరగని యౌవనం, రోజుకొక్క మాత్ర చాలు!

నేనూ ఆ మాత్రలు మింగినదాన్నే. అంచేత నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటాను. నాలుగేళ్ల కిందట మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తూ, “నువ్వు మరీ నీరసించిపోతున్నావు వదినా, ఇవి వేసుకో” అని ఓ సీసా చేతిలో పెట్టింది. ప్రేమతో తెచ్చింది, కాదంటామా? అయిపోయాక ఇక్కడే మరో రెండు సీసాలు కొన్నాను. పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బులోంచి తీసి మరీ!

ఇంతకీ యాంటీ ఆక్సిడెంట్లంటే ఏమిటి? మన ఒంట్లోని కణాల్లో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలున్నాయి. తిన్న తిండిని ప్రాణవాయువుతో మండించి, ఏ.టి.పి. అనే పదార్థంగా మార్చి, కణానికి కావలసిన శక్తినిస్తాయి. ఆ ఏ.టి.పి. సంగతి 1929లో లోకానికి చెప్పినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. పొయ్యి మండితే నిప్పురవ్వలు ఎగరవూ? ఇక్కడా అంతే. ఆ రవ్వల్నే ఫ్రీ రాడికల్స్ అంటారు. వాటిని చల్లార్చేవి యాంటీ ఆక్సిడెంట్లు. విటమిన్ సి, విటమిన్ ఇ, క్యారెట్‌లోని బీటా కెరోటిన్ ఆ కోవలోవే.

ఈ రవ్వలు కాల్చడం వల్లే ముసలితనం వస్తుందని 1956లో డెన్హమ్ హార్మన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. అలాగైతే రవ్వల్ని ఆర్పే మాత్ర మింగితే సరిపోదూ? వినడానికి సబబుగానే వుంది. కానీ పరీక్షించి చూస్తే కథ అడ్డం తిరిగింది.

ఫిన్లాండులో పొగతాగే మగవాళ్లను 29 వేలమందిని తీసుకుని, కొందరికి బీటా కెరోటిన్ మాత్రలిచ్చి ఏళ్ల తరబడి చూశారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది! అమెరికాలోనూ ఇలాంటి పరీక్షే పెట్టి, కీడు కనబడేసరికి 1996లో మధ్యలోనే ఆపేశారు. ఎక్కువ మోతాదులో విటమిన్ ఇ వాడిన మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువైందని 2011లో తేలింది.

ఎందుకిలా? ఆ రవ్వలన్నీ శత్రువులు కావు. ఆవాలు చిటపటలాడందే పోపు అవుతుందా? అలాగే, ఒళ్లు తన్ను తాను బాగుచేసుకోవడానికి కొంత చిటపట కావాలి. వ్యాయామం చేసే కుర్రాళ్లకు విటమిన్ సి, ఇ మాత్రలిచ్చి జర్మనీలో చూశారు. వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచెయ్యాలి కదా, మాత్రలు మింగినవాళ్లకు ఆ లాభం దక్కలేదని 2009లో ప్రకటించారు.

అలాగని అన్ని మాత్రలూ దండగని అనను. శాకాహారులకు బి-12 తక్కువైతే వేసుకోవలసిందే. వయసు మీద కంటిలో వచ్చే ఒక జబ్బుకు డాక్టర్లే ఇలాంటి మాత్రలు రాస్తారు. లోటు వున్నచోట మాత్ర మందు. లోటేమిటో తెలియకుండా మింగితే మాత్రం మభ్యపెట్టుకోవడమే.

నా సంగతే చూడండి. మూడు సీసాలయ్యాయి, నీరసం పోలేదు. ఓ రోజు మెట్లమీద కూలబడ్డాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మొదట అడిగింది, “బహిష్టు ఎలా అవుతోందమ్మా?” అని. ఏడాదిగా విపరీతంగా అవుతోంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8! మనకు 12కి తగ్గకూడదు. గర్భసంచిలో గడ్డలున్నాయి. ఒకపక్క రక్తం పోతూనే వుంది, ఇంకోపక్క నేను యౌవనపు మాత్ర మింగుతూనే వున్నాను! ఆ సీసాల ఖరీదు పోతే పోయింది, పోగొట్టుకున్న ఆ నెలల మాటేమిటి?

నా ఒక్కదాని కథే కాదిది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత వుందని తేలింది. మనమేమో దాన్ని వయసు ఖాతాలో రాసేస్తున్నాం.

అంచేత నా మనవి ఇది. నీరసం వారాల తరబడి వదలకపోతే సీసా కొనేముందు రక్తం, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. బహిష్టు సంగతి దాచకండి. ఏ మాత్రలు వాడుతున్నా డాక్టరుకు చెప్పండి. ముఖ్యంగా రక్తం పలచబడే మందు వాడేవాళ్లకు విటమిన్ ఇ ఎక్కువైతే రక్తస్రావం కావచ్చు. ఇక యాంటీ ఆక్సిడెంట్లంటారా, తోటకూర పప్పులో, మునగాకులో, జామపండులో, ఉసిరికాయలో కావలసినన్ని వున్నాయి. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే కాఫీ, టీలు తాగితే ఆ ఇనుము సరిగా అందదు, ఓ గంట ఆగండి.

అన్నిటికంటే ముఖ్యం, అందరికీ వడ్డించి అడుగున మిగిలిన కూరతో సరిపెట్టుకునే అలవాటు మానండి. మన కంచంలో కూడా ఓ గరిటె ఎక్కువ వేసుకుందాం. తప్పేం లేదు.

సెలవు.